కడలి ఊపిరికి కొలత

లేపాక్షికి వెళ్లినవారు వీరభద్రాలయపు మండపంలో ఒక స్తంభం దగ్గర తప్పక ఆగుతారు. అక్కడ సుమారు డెబ్బది స్తంభాలుండగా, ఆ ఒక్కటి మాత్రం నేలను పూర్తిగా ఆనక, కప్పునుండి వేలాడుతున్నట్లు నిలిచి ఉన్నది. ఈ సంగతి ఎవరు చెప్పినా వచ్చినవారు ఊరకే నమ్మరు. భుజం మీది కండువా తీసి, ఒక కొసను స్తంభం క్రింద దూర్చి, రెండవ వైపునుండి లాగి చూస్తారు. గుడ్డ ఇవతలినుండి అవతలికి వచ్చిన తరువాతనే వారి ముఖాన ఆశ్చర్యం కనిపించును. కన్ను చూడలేని సందును గుడ్డ చూచి వచ్చినది.

ఇది వేడుకే కావచ్చును. అయినను విజ్ఞానశాస్త్రపు మొదటి పాఠం ఇందులోనే ఉన్నది. కంటికి కానరాని దానిని గురించి వాదించడం కంటె, దానిలోనికి ఒక వస్తువును పంపి, అది తెచ్చిన వార్తను వినడం మేలు. సముద్రశాస్త్రజ్ఞులు ఈనాడు బంగాళాఖాతంలో చేస్తున్న పని ఇటువంటిదే. నీటిలో కరిగిన ప్రాణవాయువు కంటికి కనిపించదు. కాని అది ఉన్నదా లేదా అన్న దానిమీద కోటానుకోట్ల జీవుల బ్రతుకు ఆధారపడి ఉన్నది. దానిని వెదకి కొలిచి రావడానికి వారు కడలిలోనికి పంపుతున్న సాధనం పేరు గ్లైడర్.

కడలికి ఎంతో దూరాన, సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తున, ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే అనంతపురం కరవుసీమలో ఈ ప్రసంగమెందుకని అడుగవచ్చును. లేపాక్షి 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది గాని, మేఘం విషయంలో దాని జాతకం మారలేదు. ఆ సీమకు చేరే వానలో కొంతభాగానికి కారణమైన వాయుగుండాలు బంగాళాఖాతంలో పుట్టినవే. ఆ వాననీటిలో మిగిలినది హిందూపురం ప్రక్కగా సాగే పెన్నను చేరి, నెల్లూరు జిల్లాలో ఊటుకూరు దగ్గర తిరిగి బంగాళాఖాతంలోనే కలియును. నంది కొండలలో పుట్టిన పెన్న నడక 597 కిలోమీటర్లు. ఎక్కువ ఏండ్లు అది ఇసుక నదియే; కాని 2021 నవంబరులో దానికి వచ్చిన వరదను కడప, నెల్లూరు జిల్లాలు మరువలేదు. కడలి పంపిన దానిని కడలికి చేర్చే దారిలో లేపాక్షి ఒక మజిలీ. కాబట్టి కడలి ఊపిరి సంగతి లేపాక్షికి పరాయిది కాదు.

చెరువు చెప్పే పాఠం

వేసవిలో చెరువు అడుగంటుతున్న రోజులలో తెల్లవారుజామున గట్టుమీదికి వెళ్లినవారికి ఒక దృశ్యం పరిచితమే. చేపలు గుంపులుగా నీటిపైకి వచ్చి నోళ్లు తెరచి మూస్తూ ఉండును. అవి ఆకలితో వచ్చినవి కావు, ఊపిరాడక వచ్చినవి. పగటివేళ నీటిలోని పాచి సూర్యకాంతితో ఆహారం తయారుచేసుకొంటూ ప్రాణవాయువును విడుచును. రాత్రి ఆ పని ఆగిపోవును. ఊపిరి తీయడం మాత్రం ఆగదు. పాచి, చేప, పురుగు, అడుగున కుళ్లే ఆకును తినే సూక్ష్మజీవి, అన్నియు ఒకే మూటనుండి ఖర్చు చేయును. తెల్లవారేసరికి మూట ఖాళీ.

ఆ మూట ఎంత చిన్నదో అంకెలలో చూడవలెను. ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉన్నది. ఒక లీటరు మంచినీటిలో, సముద్రమట్టాన, 30 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి దగ్గర, గాలినుండి కరుగగలది 7.6 మిల్లీగ్రాములే. అనగా మనిషికి దొరికిన దానిలో ముప్పదియైదవ వంతుతో చేప సంసారం నడుపుకొనవలెను. నీరు మంచువలె చల్లనైతే 14.6 మిల్లీగ్రాములు పట్టును; వేడెక్కినకొద్దీ పట్టు సడలును. ఉప్పు కలిసినా తగ్గును. అదే 30 డిగ్రీల దగ్గర సముద్రజలం పట్టేది సుమారు 6.2 మిల్లీగ్రాములు. ఎత్తు పెరిగినా తగ్గును; లేపాక్షి ఎత్తున గాలి ఒత్తిడి ఏడు శాతం వరకు తక్కువ కాబట్టి, అక్కడి చెరువు గాలినుండి తీసుకొనగలది 7 మిల్లీగ్రాముల చుట్టుప్రక్కలనే. లీటరుకు 2 మిల్లీగ్రాములకంటె దిగిన తీరజలాలను ఊపిరి కొరత గల జలాలుగా శాస్త్రజ్ఞులు లెక్కిస్తారు. అక్కడినుండి ఈదగలిగినవి పారిపోవును. గుల్లలవంటి కదలలేనివి చచ్చును.

చెరువునకు ఒక రాత్రిలో జరిగేది సముద్రానికి ఒక ఋతువులో జరుగవచ్చును. చెరువులోనైతే గట్టుమీద నిలిచి చూడవచ్చును. కడలి అడుగున చేపల అవస్థను చూచేవారెవరు?

వింక్లర్ సీసా

ఈ ప్రాణవాయువును కొలిచే నమ్మకమైన పద్ధతిని 1888లో హంగరీ దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు లాయోష్ వింక్లర్ ప్రకటించినాడు. నేటికిని దానిని త్రోసిరాజనగలది రాలేదు. నీటిని గాలిబుడగ చొరకుండ సీసాలో నింపి, మాంగనీస్ సల్ఫేటును, క్షారం కలిపిన పొటాషియం అయొడైడును చేర్చవలెను. నీటిలో ప్రాణవాయువు లేకున్న తెల్లని మడ్డి ఏర్పడును. ఉన్నచో ఆ మడ్డి గోధుమరంగుకు తిరుగును. తరువాత ఆమ్లం పోసినచో మడ్డి కరిగి, ప్రాణవాయువు ఎంత ఉండెనో దానికి సరిపోయినంత అయొడిన్ విడుదలయి, నీరు పసుపురంగు దేరును. ఇక బ్యూరెట్‌నుండి థయోసల్ఫేటు ద్రావణాన్ని బొట్టుబొట్టుగా విడుస్తూ, చివర గంజినీరు చేర్చినచో నీలిరంగు వచ్చును. ఏ బొట్టుతో ఆ నీలిమ మాయమగునో ఆ బొట్టు దగ్గర లెక్క ముగియును.

ఈ పద్ధతిలో లోపం లేదు. ఉన్న చిక్కంతయు సీసాను నింపి తేవడంలోనే. కడలిలో వంద మీటర్ల లోతున నీరు కావలెనన్నచో ఓడ కావలెను, ఓడకు ఇంధనం కావలెను, నావికులు కావలెను, తుఫాను లేని వాతావరణం కావలెను. ఓడ ఒక చోట ఆగి, తాడు దింపి, సీసాలు నింపి, మరియొక చోటికి సాగును. ఆ రెండు చోట్ల నడుమ ఏమున్నదో, ఓడ వెళ్లిపోయిన మరునాడు ఏమైనదో చెప్పేవారు లేరు. చెరువును నెలకొకసారి మధ్యాహ్నం పూట మాత్రమే చూచి, చేపలు క్షేమమని వ్రాసుకొన్నట్లున్నది ఆ సంగతి.

న్యూజెర్సీ తీరం ఇందుకు నిదర్శనం. 1976 వేసవిలో అమెరికాలోని ఆ తీరాన అడుగునీటిలో ప్రాణవాయువు తరిగిపోయి, గుల్లచేపలు అపారంగా చచ్చినవి. ఆపద ఎక్కడ మొదలైనదో, ఎటు వ్యాపించినదో రోజురోజునకు కనిపెట్టి చూచే సాధనం ఆనాడు లేదు. తరువాతి కాలంలో ఆ రాష్ట్రపు పర్యావరణ శాఖ, రట్గర్స్ విశ్వవిద్యాలయం కలిసి అదే తీరం వెంబడి వేసవులలో గ్లైడర్లను నడిపి, ఒడ్డు పొడవునా ప్రాణవాయువును కొలిపించినవి.

విశాఖ తీరాన ఒక పాత పాఠం

తెలుగుదేశానికి ఈ విద్య క్రొత్తది కాదు. 1952లో అమెరికానుండి యూజీన్ సి. లాఫాండ్ అనే సముద్రశాస్త్రజ్ఞుడు వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఆచార్యుడుగా వచ్చి, అక్కడి విద్యార్థులతో బంగాళాఖాతాన్ని శోధించినాడు. తూర్పుతీరం ప్రక్కన సముద్రపు అడుగున ఉన్న లోయలకు ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అనే పేర్లు అతని కాలపు పరిశోధనల ఫలమే. మహాదేవన్ ఆ విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర ఆచార్యుడు. తూర్పుతీరాన వేసవికి ముందు అడుగునీరు పైకి ఉబికి వచ్చునని, వర్షకాలం వెనుకబడిన తరువాత పైనీరు క్రిందికి దిగునని లాఫాండ్ 1954లో వ్రాసినాడు.

ఈ ఉబుకునకు కారణం గాలి. తీరం వెంబడి నైరృతినుండి ఈశాన్యానికి గాలి వీచునప్పుడు, భూభ్రమణం వలన పైనీరు గాలికి కుడివైపునకు, అనగా ఒడ్డునుండి దూరంగా, తొలగిపోవును. ఆ ఖాళీని నింపడానికి అడుగునుండి చల్లని నీరు లేచి వచ్చును. ఆ నీటిలో లవణపోషకాలు మెండు. అందుచేత పాచి పెరిగి, దానివెంట చేప పెరుగును. కాని ఆ నీటిలో ప్రాణవాయువు కొరత. ఒకే నీరు ఒక చేత అన్నం పెట్టి, ఒక చేత గొంతు నొక్కును. ఏ చేయి ముందు వచ్చునో తెలియవలెనన్నచో కొలవవలసినదే.

బంగాళాఖాతానికి మరియొక విశేషం కలదు. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ, పెన్న, ఇన్ని నదులు తమ నీటిని ఇందులో పోయును. మంచినీరు ఉప్పునీటికంటె తేలిక కాబట్టి మీద మూతవలె పరచుకొనును. కవ్వం లేని కుండలో మీగడ వలె అది కదలక నిలుచును. మీదినీరు గాలితో ఊపిరి పీల్చుచుండును. క్రిందినీటికి ఆ ఊపిరి సులభంగా దిగదు. పైనుండి రాలే కళేబరాలను కుళ్లించే సూక్ష్మజీవులు ఉన్న కొంచెమును ఖర్చు చేయును. అందువలన సుమారు వంద మీటర్ల దిగువనుండి కొన్ని వందల మీటర్ల లోతు వరకు ప్రాణవాయువు బహుస్వల్పమైన ఒక మందమైన పొర ఏర్పడి ఉన్నది.

ఏతం నేర్పిన నడక

ఇక గ్లైడర్ సంగతి. 1989లో హెన్రీ స్టామెల్ అనే అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు ఒక కల్పనాకథనం వ్రాసినాడు. 2021 నాటికి వేయి చిన్న యంత్రాలు మనుష్యులు లేకుండ సముద్రాలలో తిరుగుచు వార్తలు పంపుచుండునని అందులో ఊహించినాడు. 1895 నుండి 1898 వరకు ఒంటరిగా తెరచాప పడవలో భూమిని చుట్టివచ్చిన జాషువా స్లోకమ్ పేరును ఆ యంత్రాలకు పెట్టినాడు. ఆ ఊహకు రూపం కల్పించిన ఇంజనీరు డగ్లస్ వెబ్. 1991లో తొలి నమూనాలను నీటిలో విడిచి చూచినారు. 2009 ఏప్రిల్‌లో న్యూజెర్సీనుండి బయలుదేరిన ఒక స్లోకమ్ గ్లైడర్ 221 దినాలలో అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటి డిసెంబరులో స్పెయిన్ తీరాన్ని చేరినది.

దీనికి నడిపే చక్రం లేదు, తోసే రెక్క లేదు. మనిషి పొడవున, యాభై అరవై కిలోల బరువున, చేపవంటి ఒడలు, ఇరుప్రక్కల రెండు కురచ రెక్కలు, వెనుక ఒక తోక, అంతే. లోపల ఉన్న కొద్దిపాటి నూనెను వెలుపలి తిత్తిలోనికి పంపినచో ఒడలి పరిమాణం పెరిగి గ్లైడర్ తేలును. నూనెను లోపలికి తీసుకొన్నచో పరిమాణం తగ్గి మునుగును. మునుగునప్పుడు, తేలునప్పుడు రెక్కలు నీటిని ఏటవాలుగా కోయుట వలన అది ముందుకు జారును. గద్ద రెక్క ఆడింపకుండ గాలిలో జారిపోవుట చూచినవారికి ఇది అర్థం కాకపోదు.

మునుగునప్పుడు ముక్కు క్రిందికి, లేచునప్పుడు పైకి ఎట్లు తిరుగును? దీనికి రాయలసీమ బావులే జవాబు చెప్పగలవు. ఏతం మ్రాను మీద మనిషి ముందుకు నడిచిన ఆ కొస వంగును. వెనుకకు నడిచిన రెండవ కొస వంగును. గ్లైడర్ లోపల బరువైన బ్యాటరీయే ఆ మనిషి. అది కొన్ని అంగుళాలు ముందుకు జరిగిన ముక్కు వాలును. వెనుకకు జరిగిన ముక్కు లేచును. వేయి మీటర్ల లోతుకు పోయి రావడానికి సుమారు అయిదారు గంటలు. ఆ వ్యవధిలో నాలుగైదు కిలోమీటర్ల ప్రయాణం. గంటకొక కిలోమీటరు చొప్పున నడిచే ఈ నిదానస్థుడు ఒక్క సన్నాహంతో వారాలు, నెలలు పనిచేయును. పైకి వచ్చిన ప్రతిసారి తోకలోని తంత్రిని గాలిలోనికెత్తి, తానున్న తావును, తాను చూచినదానిని కృత్రిమ ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు చెప్పి, క్రొత్త ఆజ్ఞ తీసుకొని, మరల మునుగును.

మ్రోగే గంట, ఆపే చేయి

నడిచే గ్లైడర్‌లో వింక్లర్ సీసాలకు చోటు లేదు. కాబట్టి ప్రాణవాయువును కాంతితో కొలుస్తారు. ఆ సాధనాన్ని ఆప్టోడ్ అంటారు. దాని కొసన ఒక ప్రత్యేకమైన రంగు పూసిన పలుచని పొర ఉండును. దానిమీద నీలికాంతి పడినచో అది ఎర్రని వెలుగునిచ్చి, సెకనులో పదివేలవ వంతుకంటె తక్కువ కాలంలో మలిగిపోవును. ప్రాణవాయువు అణువులు తగిలినకొద్దీ ఆ వెలుగు ఇంకను త్వరగా అణగును. గుడిలో గంట కొట్టి విడిచినచో మ్రోత చాలసేపు సాగును. చేతితో ముట్టినచో చప్పున ఆగును. ఇక్కడ ప్రాణవాయువే ఆ చేయి. వెలుగు ఎంత త్వరగా మలిగినదో చూచి, ఎన్ని చేతులు ముట్టినవో లెక్కగట్టుట ఈ సాధనపు పని.

ఇంత సున్నితమైన సాధనం కూడ పొరపడును. ఆప్టోడ్ కాలక్రమాన కొంత మందగించి, ఉన్నదానికంటె తక్కువ చూపును. లోతు మారినంతనే అది మారిన అంకెను చెప్పలేదు. కొన్ని సెకనులు వెనుకబడును. అందుచేత దిగునప్పుడు చూపిన లోతు లెక్క, ఎక్కునప్పుడు చూపిన లెక్క ఒకదానితో ఒకటి కలియవు. వీటిని సవరించడానికి గ్లైడర్‌ను నీటిలో విడిచేటప్పుడు, తిరిగి ఎత్తేటప్పుడు ప్రక్కనే ఓడనుండి సీసాలు దింపి నీరు తెచ్చి, 1888 నాటి వింక్లర్ పద్ధతితోనే సరిచూస్తారు. నూరేండ్లు దాటిన బ్యూరెట్ సాక్ష్యం చెప్పనిదే నేటి కాంతిసాధనం మాట చెల్లదు. క్రొత్తది వచ్చినంతనే పాతదానిని అటకెక్కించేవారు ఈ సంగతి గమనింపదగినది.

2016లో దొరికిన వార్త

2016 జూన్, జూలై నెలలలో భారత, బ్రిటిష్ శాస్త్రజ్ఞులు కలిసి బంగాళాఖాతంలో ఒక గొప్ప ప్రయోగం చేసినారు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన పి. ఎన్. వినయచంద్రన్, ఇంగ్లండులోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆడ్రియన్ మాథ్యూస్ దానికి పెద్దలు. జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థవారి 'సింధు సాధన' నౌకనుండి, శ్రీలంకకు తూర్పున, ఎనిమిదవ ఉత్తర అక్షాంశం వెంబడి ఐదు గ్లైడర్లను నీటిలో విడిచినారు. వానలకు, ఖాతపు నీటికి గల సంబంధాన్ని తెలుసుకొనుట ముఖ్యోద్దేశం. అనంతపురం రైతు ఎదురుచూచే నైరృతి ఋతుపవనపు రహస్యమే వారు వెదకినది. అయితే గ్లైడర్లు ఉష్ణోగ్రతను, ఉప్పదనాన్ని కొలుస్తూనే ప్రాణవాయువును కూడ కొలిచినవి.

ఆ లెక్కలను పరిశీలించి పీటర్ షీహన్, అతని సహచరులు 2020లో ఒక విచిత్రం ప్రకటించినారు. ఊపిరి కొరత గల ఆ లోతులలో, చుట్టునున్న నీటికంటె ఎక్కువ ఉప్పదనం, ఎక్కువ ప్రాణవాయువు గల నీరు అక్కడక్కడ కనిపించినది. అది బంగాళాఖాతపు నీరు కాదు. పర్షియా సింధుశాఖలో పుట్టిన నీరు. అక్కడి ఎండకు ఆవిరియై, ఉప్పదనం హెచ్చి, బరువై మునిగిన ఆ నీరు అరేబియా సముద్రాన్ని దాటి, శ్రీలంకను చుట్టి, బంగాళాఖాతంలో ప్రవేశించినది. ఒక దారిన వచ్చినచో కనీసం రెండేండ్లు, మరియొక దారిన వచ్చినచో కనీసం మూడేండ్లు పట్టునని వారు గణించినారు. మూడేండ్ల క్రితం వేరొక సముద్రపు ఎండలో తీసుకొన్న ఊపిరి, ఇక్కడి చీకటిలో ఖర్చగుచున్నదన్నమాట.

ఆ కొద్ది ఊపిరి విలువ ఎంతో 2017లో వెలువడిన మరియొక పరిశోధన తెలిపినది. లారా బ్రిస్టో, జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థకు చెందిన వాజిహ్ నక్వీ మొదలగువారు అతిసూక్ష్మ సాధనాలతో బంగాళాఖాతపు ఆ పొరను కొలిచినారు. అంతవరకు సాధారణ సాధనాలు శూన్యమని చూపిన చోట, శూన్యం కాదు, లేశమాత్రం ప్రాణవాయువు ఉన్నదని తేలినది. అది మీదినీటిలోని దానిలో ఇంచుమించు వేయవ వంతుకు మించదు. ఆ లేశమే లేకున్న అక్కడి సూక్ష్మజీవులు నైట్రేటును తిని నత్రజనిని వాయువుగా విడుచును. పాచికి ఎరువు వంటి నత్రజని సముద్రంనుండి తరలిపోవును. భూమిని వేడెక్కించే నైట్రస్ ఆక్సైడు కూడ పుట్టును. అరేబియా సముద్రంలో ఇది పెద్దయెత్తున జరుగుచున్నది. బంగాళాఖాతం మాత్రం ఆ అంచున ఆగి ఉన్నది. లేపాక్షి స్తంభానికి, నేలకు నడుమ ఉన్నంత సందే దీనికి, ఆపదకు నడుమ ఉన్నది.

ఆ లేశాన్ని పట్టగల సూక్ష్మత గ్లైడర్ ఆప్టోడ్‌కు లేదు. ఆ అతిసూక్ష్మ సాధనానికి గ్లైడర్ వలె నెలల తరబడి తిరిగే ఓపిక లేదు. ఒకటి లోతు చెప్పును, ఒకటి విస్తారం చెప్పును; రెండింటి మాట కలిపి వినవలెను. అరేబియా సముద్రపు కొనయైన ఒమాన్ సింధుశాఖలో ఈ విస్తారపు లెక్క ఎంత అవసరమో తెలిసివచ్చినది. ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయానికి చెందిన బాస్టియన్ క్వెస్ట్, ఒమాన్‌లోని సుల్తాన్ కాబూస్ విశ్వవిద్యాలయంవారి సహకారంతో అక్కడ గ్లైడర్లను నడిపి, ఊపిరి కొరత మునుపు అనుకొన్నదానికంటె తీవ్రంగా ఉన్నదని 2018లో ప్రకటించినాడు. భూమిమీది సముద్రాలన్నియు కలిసి 1960 తరువాత తమ ప్రాణవాయువులో రెండు శాతానికి పైగా పోగొట్టుకొన్నవని 2017లో జర్మనీ శాస్త్రజ్ఞులు అంచనా కట్టిన సంగతి కూడ ఇక్కడ జ్ఞాపకం చేసుకొనవలెను.

తీరానికి వచ్చేసరికి

నడిసముద్రంలో గ్లైడర్‌కు ఉన్న స్వేచ్ఛ తీరాన లేదు. అక్కడ వలలున్నవి, ఓడలున్నవి, దానికంటె వేగంగా పరుగెత్తే ప్రవాహాలున్నవి. తూర్పుతీరాన వీటన్నిటికంటె పెద్ద చిక్కు నదుల మంచినీరే. విద్యార్థులు దీనిని లెక్కగా వేసి చూడవచ్చును. గ్లైడర్ పరిమాణం 50 లీటర్లనుకొందము. లీటరు సముద్రజలం బరువు సుమారు 1,025 గ్రాములు. లీటరు మంచినీటి బరువు సుమారు 1,000 గ్రాములు. ఉప్పునీటిలో 50 లీటర్ల వస్తువును నీరు ఎత్తే శక్తికి, మంచినీటిలో ఎత్తే శక్తికి తేడా ఒకటింబావు కిలో. ఆ తేడాను పూరించడానికి గ్లైడర్ తన తిత్తిని ఒక లీటరుకు మించి ఉబ్బించవలెను. సాధారణంగా దాని శక్తి లీటరుకు లోపే. కాబట్టి వరదకాలంలో నదీముఖాల దగ్గర గ్లైడర్ పైకి రాలేక, మంచినీటి మూత క్రిందనే చిక్కుకొనవచ్చును. అందుచేత అది పోయే చోటి ఉప్పదనాన్ని ముందుగా తెలుసుకొని, దాని బరువును గ్రాములతో సహా సరిచూచి విడువవలెను.

ఇంత కష్టపడి తీరజలాలను కొలవడం ఎందుకనగా, ఊపిరి కొరతకు మనిషి చేయి తోడగుచున్నది తీరాననే. పొలానికి వేసిన ఎరువులో పైరు తినగా మిగిలినది, పట్టణపు మురికినీరు, వరదతో నదులలోనికి, నదులనుండి కడలిలోనికి చేరును. పాచి విపరీతంగా పెరిగి, చచ్చి, కుళ్లి, ప్రాణవాయువును హరించును. అమెరికాలో మిసిసిపీ నది ముఖాన ఈ కారణంగా ఏటేట ఏర్పడే ఊపిరి కొరత జలాలను 1985 నుండి వేసవులలో కొలుచుచున్నారు. 2017లో వాటి విస్తీర్ణం సుమారు 22,700 చదరపు కిలోమీటర్లు. ఏటేట కొలిచినందువలననే ఆ అంకె తెలిసినది. అంకె తెలిసినందువలననే ఎరువుల వాడకం గురించి అక్కడి రాష్ట్రాలు మాటలాడుకొనవలసి వచ్చినది.

తెలుగు తీరానికి కూడ ఇట్టి ఎడతెగని లెక్క కావలెను. అందుకు సంస్థలు లేకపోలేదు. జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం విశాఖపట్నంలో ఉన్నది. 1999లో ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, కడలి కానరాని హైదరాబాదులో ఉండి, చేపలు దొరికే తావులను జాలరులకు తెలుపుచున్నది. విశాఖపట్నం, కొచ్చి తీరాలలో నీటి నాణ్యతను కనిపెట్టే తేలుడు సాధనాలను కూడ ఆ కేంద్రం నిలిపినది. నిలిచి చూచే ఆ కండ్లకు తోడుగా తిరిగి చూచే గ్లైడర్లు ఋతువు ఋతువునకు తీరం వెంబడి సాగినచో, అడుగునీరు ఎప్పుడు ఉబుకుచున్నదో, ఊపిరి కొరత ఒడ్డుకు ఎంత దగ్గరగా వచ్చినదో ముందుగా తెలియును. ఇది జాలరి వలకు సంబంధించిన సంగతి. నెల్లూరు తీరపు రొయ్యల చెరువుకు సంబంధించిన సంగతి.

పాఠశాలకు ఒక పని

గ్లైడర్‌ను కొనడం పాఠశాలకు సాధ్యం కాదు. కాని వింక్లర్ సీసా కళాశాల ప్రయోగశాలకు అందనిది కాదు. ఆమ్లంతోను, క్షారంతోను పని కాబట్టి ఉపాధ్యాయుడు దగ్గర నిలిచి, తానే వాటిని పోయుట మంచిది. ఊరి చెరువునుండి తెల్లవారకముందు ఒక సీసా, మధ్యాహ్నం మూడు గంటలకు ఒక సీసా తెచ్చి కొలిచి చూడవలెను. నీటి వేడిమిని, తేదీని ప్రక్కన వ్రాయవలెను. రెండు అంకెలకు నడుమ ఉన్న తేడాయే ఆ చెరువు ఒక పగటిలో సంపాదించిన ఊపిరి. నెలకొకసారి చొప్పున ఏడాది సాగినచో, నీరు నిండిన కార్తికానికి, అడుగంటిన వైశాఖానికి గల అంతరం విద్యార్థి కంటికి కట్టును. మరుసటి తరగతివారు ఆ పుస్తకాన్నే అందుకొని వ్రాయవలెను. పదేండ్ల లెక్క ఉన్న చెరువు ఆ సీమలో ఎన్ని ఊళ్లకు ఉన్నది?

గుడ్డ దూర్చి చూచినవాడు స్తంభాన్ని గురించి రెండవసారి ఎవరినీ అడుగడు. చెరువు ఊపిరిని తన చేత కొలిచిన విద్యార్థికి, పెన్న కలిసే కడలిలో ఒక చిన్న యంత్రం మునిగి తేలుచున్నదని చెప్పినచో, అది ఏమి వెదకుచున్నదో మరల వివరింపవలసిన పని ఉండదు.